మాట పోయిన రాజు, ఎగరని చిలుక

పిల్లలూ, దగ్గరికి జరగండి. ఊఁ కొట్టేవాళ్ళు ముందు కూర్చోండి, భయపడేవాళ్ళు నా పక్కన కూర్చోండి. అనగా అనగా సుగంధిపురమని ఒక పట్టణం. ఆ పట్టణానికి వీరకేతుడని ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలకేతుడు, ఏనుగు తొండం పట్టుకుని నిలబెట్టగలడు. నడిపివాడు జవకేతుడు, పరుగులో గుర్రాన్ని దాటగలడు. చిన్నవాడు మణికేతుడు. వాడికి ఏనుగులూ చేతకావు, గుర్రాలూ చేతకావు. చదువు చెప్పే కనకాంబ అవ్వ దగ్గర కూర్చుని పద్యాలు వల్లెవేసేవాడు. అందులోనూ వాడికొక జబ్బు ఉంది. తొందర. అవ్వ సగం పద్యం చదవగానే, "నాకు తెలుసు, నాకు తెలుసు!" అని అర్థం చెప్పేసేవాడు. పదిసార్లలో ఏడుసార్లు తప్పు చెప్పేవాడు.

ఒకరోజు రాజు కొలువులోకి పొగరంగు పళ్ళవాడు ఒకడు వచ్చాడు. ఒంటినిండా విభూతి, భుజం మీద ఒక చిలుక.

"రాజా, నాకొక చిన్న కోరిక ఉంది" అన్నాడు.

"చెప్పండి స్వామీ, తీరుస్తాను" అన్నాడు రాజు.

"కోరిక తరవాత. ముందు మాట ఇయ్యి."

రాజు నవ్వాడు. "అంతేనా! ఇదిగో, నా మాట ఇచ్చాను."

అంతే! రాజు నోరు అలా తెరిచి ఉండిపోయింది. గొంతులోంచి గాలి వస్తోంది గానీ మాట రావడంలేదు. ఆ వచ్చినవాడి భుజం మీద చిలుక ముక్కు తెరిచి, అచ్చం రాజు గొంతుతో, "ఇదిగో, నా మాట ఇచ్చాను" అంది. రాణి కెవ్వున అరిచింది.

"నేను ధూమ్రదంతుణ్ణి" అన్నాడు ఆ మాంత్రికుడు. "ఏడు సముద్రాల అవతల నల్లరాతి దీవిలో ఉంటాను. ఇలాంటి గొంతులు నా దగ్గర నూరు ఉన్నాయి. ఈ గొంతు కావాలంటే సంవత్సరం తిరిగేలోపు ఎవరైనా వచ్చి, మూడు పరీక్షల్లో నన్ను గెలవండి. కత్తులు తేవద్దు, బుర్రలు తెండి. సంవత్సరం దాటిందా, ఇది ఇక చిలుక గొంతే!"

భటులు కత్తులు దూసేలోపు అక్కడ పొగ తప్ప ఏమీ లేదు.

ఇక రాజ్యం సంగతి ఏమని చెప్పను? రాజు తీర్పు చెప్పాలంటే మాట లేదు. సైన్యాన్ని పిలవాలంటే మాట లేదు. సరిహద్దుల్లో శత్రువులు గుడారాలు వేశారు. పెద్దవాడు బలకేతుడు కత్తి తీసుకుని బయల్దేరాడు. నాలుగు నెలలైనా రాలేదు. నడిపివాడు జవకేతుడు బయల్దేరాడు. ఇంకో నాలుగు నెలలైనా రాలేదు.

అప్పుడు మణికేతుడు తండ్రి కాళ్ళకు మొక్కాడు. రాజు వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. వద్దని నోటితో చెప్పడానికి కూడా లేకపోయింది పాపం.

కనకాంబ అవ్వ ముందుకొచ్చింది. "నాలుగు నెలలు మిగిలాయి. ఒక నెల నాకియ్యి, చిన్నబాబూ. ఉన్నపళాన వెళితే నీ తొందరే నిన్ను చంపుతుంది."

ఆ నెలంతా అవ్వ వాణ్ణి నిద్రపోనిస్తే ఒట్టు. పొద్దున పద్యాలు, మధ్యాహ్నం వాదాలు, సాయంత్రం వ్యాకరణం.

పొద్దున పద్యం చదివి, "దీని అర్థమేమిటి?" అనేది. వాడు చెప్పగానే, "అది మొదటి అర్థం, గుమ్మం దాకా వచ్చి పలకరిస్తుంది. రెండో అర్థం లోపల పీట వేసుకుని కూర్చుని ఉంటుంది. పద్యంలో ఇమడని మాట ఎక్కడుందో చూడు. అక్కడే తలుపు" అనేది.

మధ్యాహ్నం వాణ్ణి అంగడి వీధికి తీసుకుపోయేది. గాజులమ్మే ఆమె, "రాణిగారు ఈ గాజులే వేసుకుంటారు, కాబట్టి ఇవి పగలవు" అని అరుస్తుంటే, "ఏది తప్పు?" అని గిల్లేది. "రాణిగారు వేసుకోవడానికీ, పగలకపోవడానికీ లంకె లేదు అవ్వా" అనేవాడు వాడు. వస్తాదు ఒకడు, "నా కండలు చూడండి, అందుకని నేనిచ్చే మందే మింగండి" అంటే, "ఏది తప్పు?" అని మళ్ళీ గిల్లేది. వాడి చెయ్యి కందిపోయింది గానీ కన్ను తెరుచుకుంది.

సాయంత్రం వ్యాకరణం. "పులిని చంపిన వీరుడు. పులి చంపిన వీరుడు. తేడా ఏమిటి?"

"ఒక్క 'ని' అవ్వా."

"ఒక్క 'ని' పోతే వీరుడే పోయాడు నాయనా! ఇంకోటి చెప్పు. సోమన్న భీమన్నకు తన గుర్రం ఇచ్చాడు. గుర్రం ఎవరిది?"

"భీమన్నది... కాదు కాదు, సోమన్నది."

"ఎందుకు?"

"'తన' అనే మాట ఇచ్చేవాడి వెంట పోతుంది, పుచ్చుకునేవాడి వెంట పోదు."

"ఇది ముందే చెప్పి ఉంటే నీ నోరు ముద్దాడేదాన్ని. రెండోసారికి చెప్పావు. అక్కడ నీకు రెండోసారి ఉండదు, గుర్తుపెట్టుకో."

నెల నిండింది. మణికేతుడు మూటలో అటుకులు కట్టుకుని, నడిచి నడిచి, అడవులు దాటి, కొండలు దాటి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడికే రెండు నెలలు పట్టింది. దారిలో ఎవరిని అడిగినా, ధూమ్రదంతుడి ప్రాణం చిలుకలో ఉందనే చెప్పారు.

ఒడ్డున పెద్ద పడవంత తాబేలు ఏడుస్తోంది. దాని ఎదుట ఇసుకలో గుడ్లు. గుడ్ల మీద కాలు పెట్టుకుని ఒక నక్క.

"ఏమైంది తాబేలమ్మా?" అని అడిగాడు.

తాబేలు చెప్పేలోపే నక్క అందుకుంది. "నేను చెబుతా వినవయ్యా. నా గుహలో ఇసుక ఉంది. ఇక్కడా ఇసుక ఉంది. కాబట్టి ఇది నా గుహ. నా గుహలో ఉన్నవి నావి. కాబట్టి గుడ్లు నావి. న్యాయంగా తింటున్నాను."

"న్యాయమే కదా అనిపిస్తోంది బాబూ, నా బిడ్డలు మాత్రం పోతున్నారు" అని తాబేలు వెక్కి వెక్కి ఏడ్చింది.

నక్క ఒక గుడ్డు నోట కరుచుకుంది. మీదపడితే గుడ్డు చితికిపోతుంది. మణికేతుడు కదలకుండా నిలబడి, "నక్కబావా, నీ వాదం బాగుంది" అన్నాడు. "అలాగే ఇంకోటి చూడు. పులికి మీసాలున్నాయి. నీకూ మీసాలున్నాయి. కాబట్టి నువ్వు పులివి. అవతల కొండ మీద రాజుగారి వేటగాళ్ళు పులి కోసమే తిరుగుతున్నారు. వాళ్ళను పిలిచి, ఇదిగో పులి అని చూపిస్తాను."

నక్క గుడ్డును కింద పెట్టేసింది. "అదేమిటి? మీసాలుంటే మాత్రం పులినైపోతానా?"

"ఇసుక ఉంటే మాత్రం గుహైపోతుందా?"

నక్క తోక ముడుచుకుని పరుగెత్తింది. తాబేలు గుడ్లను ఇసుకలో లోతుగా కప్పి, కళ్ళు తుడుచుకుని, "నా వీపు ఎక్కు బాబూ. నువ్వెక్కడికంటే అక్కడికి" అంది.

ఉప్పునీళ్ళ సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం మీద ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో జారుతూ దాటారు. పెరుగు సముద్రంలో తాబేలు కాళ్ళు కూరుకుపోయాయి. పదిరోజులు ఆలస్యమైంది. మణికేతుడు వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటూ, దిగి చేతులతో పెరుగు తోసుకుంటూ దాటించాడు. పాల సముద్రం దాటారు. మంచినీళ్ళ సముద్రం దాటేసరికి నల్లరాతి దీవి కనిపించింది. అప్పటికి సంవత్సరం నిండడానికి ఒక్కరోజే మిగిలింది.

"నేను ఒడ్డునే ఉంటాను. జాగ్రత్త బాబూ" అంది తాబేలు.

దీవి మీది కోట తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపల పెద్ద హాలు. గుమ్మం పక్కన ఒక రాతి బొమ్మ. నోరు తెరిచి, ఏదో చెప్పబోతూ ఆగిపోయినట్టుంది. అది బలకేతుడు! లోపలికి చూస్తే నూరు పంజరాలు, నూరు చిలుకలు. ఒక పంజరంలోకి చెయ్యి చాపి ఆగిపోయిన ఇంకో రాతి బొమ్మ. అది జవకేతుడు!

ఎదురుగా ధూమ్రదంతుడు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. ఒక స్తంభానికి వెండి గొలుసుతో కట్టేసి ఒక అమ్మాయి. ఆమె రత్నగిరి రాజు కూతురు, పేరు మృణాళిని. ఆమె తండ్రి కూడా గొంతు పోగొట్టుకున్నవాడే. దాన్ని విడిపించడానికి తానే వచ్చి చిక్కుకుపోయి మూడేళ్ళైంది. ఆమె పద్యాలు కడుతుందని మాంత్రికుడు ఆమె గొంతు మాత్రం తీసుకోలేదు. కానీ ఒక కట్టు పెట్టాడు. నోరు విప్పితే పద్యమే చెప్పాలి. మామూలు మాట ఒక్కటి మాట్లాడినా గొంతు చిలుకలోకి పోతుంది.

"వచ్చావా మూడోవాడా!" అన్నాడు మాంత్రికుడు. "ఈ పళ్ళెంలో నీళ్ళున్నాయి. నీళ్ళలో ఈ చిల్లుగిన్నె వేస్తాను. గిన్నె మునిగేలోపు జవాబు చెప్పాలి. తప్పైనా, ఆలస్యమైనా రాయివే. నిలబడు."

మణికేతుడు నేలమీది నల్లబండ మీద నిలబడ్డాడు. పాదాలు చల్లబడ్డాయి. చూస్తే కాలివేళ్ళు అప్పుడే రాయిగా మారుతున్నాయి.

"ఇది మొదటి పరీక్ష. ఏయ్ అమ్మాయీ, పద్యం చెప్పు. వాడు అర్థం చెబుతాడు."

మృణాళిని తల ఎత్తలేదు. నేలచూపులు చూస్తూనే చదివింది.

కొయ్య పట్టి చిలుక గుండెలో దాగిన
సారమెల్ల దొరకు చల్లనుండి
గోడ నంటి నిలిచి కోక మోయుచునుండు
పలుక దెగుర దైన బ్రతుకు దాన.

టప్పున గిన్నె నీళ్ళలో పడింది.

మణికేతుడికి అర్థం వెంటనే తట్టింది. పెరుగు చిలకడం గురించి కదా! 'నాకు తెలుసు' అని నాలుక చివరికి వచ్చేసింది. పళ్ళు బిగించాడు. గుమ్మం దాకా వచ్చింది మొదటి అర్థం. లోపల ఎవరున్నారు?

గిన్నెలోకి నీళ్ళు ఊరుతున్నాయి.

కవ్వం కొయ్య పట్టి చిలికితే చల్లలోంచి వెన్న వస్తుంది. సరే. గోడకు ఆనించి, మూతికి గుడ్డ కట్టిన కుండ. సరే. పలకదు. సరే. ఎగరదు... కుండ ఎగరదని ఎవరైనా చెబుతారా? ఎగరాల్సినదాన్ని గురించే కదా ఎగరదు అంటాం! చిలుక అంటే చిలకడం. చిలుక అంటే పక్షి కూడా. పలకని చిలుక, ఎగరని చిలుక. గోడను అంటుకుని బట్టలు మోసే కొయ్య చిలుక. చిలకకొయ్య! బట్టలు తగిలించే చిలకకొయ్య! బ్రతుకు దానిలోనే ఉందంటోంది. ఎవరి బ్రతుకు?

ధూమ్రదంతుడి ప్రాణం చిలుకలో ఉందని వాడు దారిపొడవునా విన్నాడు.

చూపు గోడవైపు పోబోయింది. బలవంతాన ఆపుకున్నాడు. ఇది పైకి చెబితే ఆ అమ్మాయి చస్తుంది. గిన్నె అంచు నీళ్ళను తాకుతోంది.

"ఇది చల్ల చిలికే పద్యం" అన్నాడు. "కవ్వం పట్టి చిలికితే పెరుగులో దాగిన సారం వెన్నై పైకి వస్తుంది. గోడ పక్కన గుడ్డ కప్పుకున్న కుండ మాటాడకపోయినా ఇంటి బ్రతుకుతెరువు దానిలోనే ఉంది."

మాంత్రికుడు కళ్ళు చిన్నవి చేశాడు. "మరి ఎగరదు అనే మాట ఎందుకొచ్చింది?"

మృణాళిని గొలుసు చిన్నగా గలగలమంది.

"చిలికేటప్పుడు కుండ ఎగిరెగిరి పడితే చల్ల ఒలికిపోదూ?" అన్నాడు మణికేతుడు. "నిలకడగా ఉన్న కుండలోనే వెన్న."

మాంత్రికుడు తల ఊపి, "ఊఁ, సరే" అన్నాడు. గిన్నె బుడుంగున మునిగింది. అప్పుడు మొదటిసారి మృణాళిని తల ఎత్తి అతనివైపు చూసింది. అతనికి అర్థమైందో లేదో ఆమెకు తెలియలేదు.

"ఇది రెండో పరీక్ష" అంటూ మాంత్రికుడు గిన్నె మళ్ళీ నీళ్ళలో వేశాడు. ఒక పంజరం తెచ్చి మణికేతుడి ముందు పెట్టి తలుపు తెరిచాడు. "నా ప్రాణం చిలుకలో ఉంది. ఇది లోకమంతా ఎరిగినదే, నేనూ కాదనను. ఇదిగో, ఇది చిలుక. కాబట్టి నా ప్రాణం ఇందులో ఉంది. పట్టుకో. మెడ విరిచెయ్యి. నీ అన్నలు లేస్తారు, నీ తండ్రి మాట్లాడతాడు. ఏం చూస్తావ్? పట్టుకో!"

చిలుక బెదిరి పంజరం మూలకు ఒదిగింది. ఎంత సులువు! చెయ్యి చాపితే చాలు. పక్కనే జవకేతుడి రాతి చెయ్యి అలాగే చాపి ఉంది. మోకాళ్ళదాకా రాయి పాకింది. చల్లదనం ఎముకల్లోకి దిగుతోంది.

"మాంత్రికా" అన్నాడు మణికేతుడు, "ఆవుకు నాలుగు కాళ్ళు. మంచానికీ నాలుగు కాళ్ళు. నువ్వు మంచం కింద చెంబు పెట్టి పాలు పితుకుతావా?"

"ఏం వాగుతున్నావు?"

"నీ ప్రాణం ఏదో ఒక చిలుకలో ఉంటే ఉండవచ్చు. అంతమాత్రాన కనిపించిన ప్రతి చిలుకలోనూ ఉన్నట్టు కాదు. లోకమంతా అన్నంత మాత్రాన నిజమూ కాదు. నీ వాదంలో దోషముంది. ఈ చిలుక మెడ నేను ముట్టుకోను."

ఆ మాట పూర్తవుతుండగానే పంజరంలోని చిలుక వణుకుతూ, "ఇదిగో, నా మాట ఇచ్చాను" అంది.

తండ్రి గొంతు! మెడ విరిచి ఉంటే తండ్రి గొంతు తన చేతుల్లోనే చచ్చిపోయేది. మణికేతుడు పంజరం తలుపు తనే మెల్లగా మూసి, "భయపడకు నాన్నా" అన్నాడు.

ధూమ్రదంతుడు సింహాసనం దిగి గట్టిగా నవ్వాడు. "శెభాష్! చాలు, చాలు. మూడో పరీక్ష అక్కర్లేదు. నువ్వు గెలిచినట్టే. ఇదిగో తాటాకు, ఒప్పందం రాశాను. నీ గెలుపు ఒప్పుకుంటున్నానని నేను వేలిముద్ర వేశాను, పక్కన నువ్వూ వెయ్యి, మీ నాన్న గొంతు పట్టుకుపో. తొందరగా! పొద్దు వాలుతోంది, సంవత్సరం అయిపోవస్తోంది."

ప్రాణం లేచొచ్చింది మణికేతుడికి. బొటనవేలు కాటుకలో ముంచాడు. ఆకు మీదికి వంచాడు. మాంత్రికుడి మొహంలో మరీ ఎక్కువ సంతోషం ఉంది. అది చూసి వేలు గాల్లోనే ఆపాడు.

ఆకు మీద అక్షరాలన్నీ ఎడం లేకుండా కలిపి రాసి ఉన్నాయి.

గెలిచినవాడోడినవానికితనగొంతునిచ్చును.

"చదవడమెందుకు? వెయ్యి!" అన్నాడు మాంత్రికుడు.

మణికేతుడు వేలు వెనక్కి తీసి, పదాలు విడదీసుకున్నాడు. గెలిచినవాడు. ఓడినవానికి. తన గొంతును. ఇచ్చును.

"ఇందులో ఇచ్చేవాడు గెలిచినవాడు, పుచ్చుకునేవాడు ఓడినవాడు" అన్నాడు. "గెలిచిన నేను ఓడిన నీకు నా గొంతు ఇవ్వాలా? మూడో పరీక్ష అక్కర్లేదన్నావే. ఇదే కదూ మూడో పరీక్ష!"

మాంత్రికుడి మొహం మాడిపోయింది. పట్టుబడినవాడు ఒప్పందం దిద్దక తప్పదు, అది ఆ దీవి కట్టడి. కోపంతో ఊగిపోతూ గంటం లాక్కుని, రెండు విభక్తులు గీకేసి మళ్ళీ రాసి, ఆకు విసిరేశాడు.

గెలిచినవానికోడినవాడుతనగొంతునిచ్చును.

"ఇప్పుడు సరేనా? గెలిచినవానికి ఓడినవాడు! నా వేలిముద్ర ఉందిగా, నీది వెయ్యి!"

మణికేతుడు చదివాడు. విభక్తులు మారాయి. కానీ 'తన' అనే మాట అలాగే ఉంది. ఇప్పుడు ఇచ్చేవాడు ఓడినవాడు. 'తన' అంటే ఇక...

ఇలా ఒప్పుకుంటే తండ్రి గొంతు రాదు, మాంత్రికుడి గొంతు వస్తుంది. గొంతు లేనివాడు మంత్రం చదవలేడు. కానీ వాడి ప్రాణం ఉంటుంది, బలం ఉంటుంది. పద్యానికి తను చెప్పుకున్న అర్థం తప్పైతే? అన్నలు రాళ్ళుగానే ఉండిపోతారు, తండ్రి మూగగానే ఉండిపోతాడు, ఆ అమ్మాయీ తనూ ఇక్కడే చస్తారు.

"ఇంకొకసారి చదువుకో మాంత్రికా" అన్నాడు. "రాసింది నువ్వు."

"నాకు వ్యాకరణం నేర్పుతావురా పిల్లకుంకా? వెయ్యి!"

మణికేతుడు కళ్ళు మూసుకుని వేలు నొక్కాడు.

ధూమ్రదంతుడు ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. వాడు గొంతు పట్టుకున్నాడు. మంత్రం చదవబోయాడు, గాలి వచ్చింది. మణికేతుడి కాళ్ళమీది రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. మొద్దుబారిన కాళ్ళతో ముందుకు దూకి, పడి, లేచి పరుగెత్తాడు.

వాడు పంజరాలవైపు పోతున్నాడనుకుని మాంత్రికుడు నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వాడు. కానీ మణికేతుడు పంజరాలు దాటిపోయాడు. సింహాసనం వెనక గోడకు పట్టు కోక ఒకటి వేలాడుతోంది. అది చూసి మాంత్రికుడి మొహం సున్నంలా పాలిపోయింది. ఇనపగద అందుకుని వెంటపడ్డాడు.

మణికేతుడు కోకను లాగేశాడు. దాని వెనక గోడలో దిగేసి ఉంది చిలకకొయ్య. చిలుక ముక్కులా చెక్కి, నూనె రాసి నున్నగా మెరుస్తోంది. రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది! లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. రాలేదు. వెనక అడుగుల చప్పుడు. మాంత్రికుడు గద పైకెత్తాడు.

మృణాళిని స్తంభం దగ్గర్నుంచి ఎంత దూరం రాగలదో అంత దూరం దూకి, వెండి గొలుసును వాడి కాళ్ళకు అడ్డంగా బిగబట్టింది. మాంత్రికుడు బోర్లా పడ్డాడు. గద దెబ్బ గోడకు తగిలింది. గోడ పగుళ్ళిచ్చింది. మణికేతుడు గోడకు కాలు తన్నిపెట్టి మూడోసారి లాగాడు. కొయ్య ఊడొచ్చింది. మోకాలికి అడ్డం పెట్టి ఫెళ్ళున విరిచాడు.

ధూమ్రదంతుడు పడినచోటే పొగై, ఆ పొగ కిటికీలోంచి పోయింది. వాడితోపాటే వాడు పెట్టిన గడువులన్నీ పోయాయి.

వెంటనే నూరు పంజరాల తలుపులూ తెరుచుకున్నాయి. నూరు గొంతులు గాలిలో కలిసి, వాటి వాటి దేశాలవైపు పోయాయి. చిలుకలు ఉత్త చిలుకలై కిచకిచమంటూ కిటికీల్లోంచి ఎగిరిపోయాయి. గుమ్మం దగ్గర బలకేతుడు, ఎనిమిది నెలల కింద మొదలుపెట్టిన మాట పూర్తిచేస్తూ, "...నాకు తెలీదు" అన్నాడు. తరవాత చుట్టూ చూసి, "తమ్ముడూ, నువ్వెప్పుడొచ్చావురా?" అన్నాడు. జవకేతుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తమ్ముణ్ణి కౌగిలించుకుని ఏడ్చేశాడు.

మృణాళిని గొలుసు ఊడిపోయింది. ఆమె నోరు తెరిచింది, భయపడి మూసింది, మళ్ళీ తెరిచింది.

"నాకు దాహంగా ఉంది" అంది.

మూడేళ్ళ తరవాత ఆమె మాట్లాడిన మొదటి మామూలు మాట అది. తన మాట తనకే వినిపించి, ఆమె పగలబడి నవ్వింది, నవ్వుతూనే కన్నీళ్ళు పెట్టుకుంది. మణికేతుడు పరుగెత్తికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

"మూడేళ్ళూ నీళ్ళు కావాలన్నా ఛందస్సులోనే అడిగానండీ" అంది ఆమె తాగి. "గొలుసు గోడదాకా రాదు. రోజూ పొద్దున్నే వాడు ఆ చిలకకొయ్యకు నూనె రాసి, కళ్ళకద్దుకుని, కోక తగిలించడం చూస్తూ కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళందరికీ ఏదో ఒక పద్యంలో దాచి చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. మీకు మాత్రం ఎలా తెలిసింది?"

"కుండ ఎగరదని ఎవరూ అనరు కదా!" అన్నాడు మణికేతుడు.

ఆ సమయానికి సుగంధిపురంలో ఏం జరిగిందో తెలుసా? సంవత్సరం ఆఖరి పొద్దు వాలుతోంది. శత్రువులు కోట తలుపులు కొడుతున్నారు. సైన్యం ఎవరి మాట వినాలో తెలియక నిలబడింది. రాజు బురుజు మీద నిలబడి దిక్కులు చూస్తున్నాడు. అప్పుడు ఏదో గాలి వచ్చి గొంతులో దూరినట్టైంది. "బలకేతూ! జవకేతూ! మణికేతూ!" అని ముగ్గురు కొడుకుల పేర్లూ ఎలుగెత్తి పిలిచాడు. ఆ పిలుపు విని రాణి పరుగెత్తుకొచ్చింది. ఆ వెంటనే "సైన్యం, కదలండి!" అని రాజు ఉరిమితే, శత్రువులు గుడారాలు వదిలి పారిపోయారు.

తాబేలు నలుగురినీ వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. ఒడ్డుకు చేరేసరికి దాని గుడ్లు పిల్లలై, ఇసుకలో బుడిబుడి నడుస్తూ ఎదురొచ్చాయి. దాని సంతోషం దానిది.

ముందు రత్నగిరికి వెళ్ళారు. గొంతు తిరిగొచ్చిన ఆ రాజు, కూతురి పేరు ఎంత పిలిచినా అలసిపోలేదు. మణికేతుడు ఆమెను ఇవ్వమని అడిగితే, "నన్ను కాదు, దాన్ని అడుగు" అన్నాడు. మృణాళిని, "పద్యం చెప్పమని ఎప్పుడూ బలవంతపెట్టకపోతే సరే" అంది. మణికేతుడు ఒప్పుకున్నాడు. సుగంధిపురంలో పదహారు రోజులు పెళ్ళి. కనకాంబ అవ్వ మనవడి పెళ్ళన్నంత హడావిడి చేసింది. తలంబ్రాలప్పుడు అందరికన్నా గట్టిగా నవ్విందీ ఆమే, అప్పగింతలప్పుడు అందరికన్నా ముందు ఏడ్చిందీ ఆమే.

రత్నగిరి రాజుకు మగపిల్లలు లేరు. ఆయన తరవాత మృణాళినీ మణికేతుడూ కలిసి ఆ రాజ్యాన్ని నలభై ఏళ్ళు ఏలారు. వాళ్ళ రాజ్యంలో గొల్లవాడి బిడ్డకైనా, కుమ్మరి బిడ్డకైనా చదువు చెప్పే పంతులు ఉండేవాడు. నెలకు మూడు వానలు పడ్డాయి, పొలాలు నిండుగా పండాయి, వాళ్ళకు ముగ్గురు పిల్లలు పుట్టారు.

ఆ రాజు అక్కడ, ఆ రాణి అక్కడ. మన కథ గట్టెక్కింది, పొయ్యి మీద అన్నం ఉడికింది. లేవండి పిల్లలూ, కాళ్ళు కడుక్కుని కంచాల ముందుకు రండి.